నేత్రావతి చెప్పని మాట

కోలారు జిల్లా కె.జి.ఎఫ్., రాబర్ట్‌సన్‌పేట మూడో క్రాసులో కాపురముంటున్న నేను, కీర్తిశేషులు కోదండరామయ్య గారి భార్యను, బాలికల పాఠశాలలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి ప్రధానోపాధ్యాయురాలిగా పదవీవిరమణ చేసిన వనజాక్షమ్మను, వయసు డెబ్బై తొమ్మిది, ఈ వీలునామాను నా చేత్తో నేనే రాస్తున్నాను. ఎవరి ఒత్తిడీ లేదు. నా మీద ఒత్తిడి చేయగలిగినవాళ్లు ఈ ఇంట్లో ఎప్పుడూ లేరు. అది కూడా నా తప్పుల్లో ఒకటే. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితాన్ని దీనికి జతచేశాను. డాక్టరు మాట మీదే వదిలెయ్యడం ఇష్టం లేక ఈ ఉదయం పంతొమ్మిదో ఎక్కాన్ని కింది నుంచి పైకి చెప్పుకుని చూశాను. ఎక్కడా తడబడలేదు. కుడి కంటికి శుక్లం తీశారు, ఎడమ మోకాలు వంగదు, మిగిలినవన్నీ పనిచేస్తున్నాయి.

2016లో రాసి రిజిస్టరు చేయించిన నా వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో ఇల్లు మొత్తం మా అబ్బాయి మాధవకు రాశాను. అది ఎందుకు మార్చానో కింద చెబుతాను.

దీన్ని చదివే రోజున మాధవ, అతని భార్య మంగళ, వాళ్ల కూతురు అక్షత ముగ్గురూ ఉండాలి. అక్షత పైకి చదవాలి. ఫోను వచ్చిందని మాధవ మధ్యలో లేచిపోరాదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత అక్షతది. ఆమె వకీలు కాబట్టి మాత్రమే కాదు. తొమ్మిదేళ్ల వయసులో, నేను పిల్లల్ని కొట్టే చెక్క స్కేలును ఆమె ఎక్కడో దాచేసింది. ఎంత అడిగినా చెప్పలేదు, ఏడవనూ లేదు. ఈ పనికి అలాంటి మనిషే కావాలి.

2. రాబర్ట్‌సన్‌పేటలోని ఇల్లు నా స్వార్జితం. నా జీతంతో, నా ప్రావిడెంట్ ఫండుతో కట్టినది. పిత్రార్జితం ఇందులో ఒక్క ఇటుక కూడా లేదు. కింద నాలుగు గదులు, ముందు వరండా. పైన రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది. పైకి మెట్లు వీధి వైపు నుంచే ఉన్నాయి, ఎవరి గడపా దాటకుండా ఎక్కవచ్చు.

3. కింది భాగం అక్షతకు. మంగళకు అందులో జీవితాంతం ఉండే హక్కు ఉంటుంది, మాధవతో కలిసి ఉన్నా, ఒంటరిగా ఉన్నా. ఇది వాళ్ల మధ్య ఏదో ఉందని రాసినది కాదు. ఏమీ లేనప్పుడే రాసిపెట్టాలి. ఏదైనా వచ్చాక అడిగితే ఆడదాన్ని ముందు కారణం అడుగుతారు.

4. నా చెక్క బీరువా, దానిలో ఉన్న చీరలు, తాళంచెవులతో సహా మంగళకు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ తాళంచెవి నా నడుమునే ఉంది. ఒక్కసారి కూడా ఆమెకు ఇవ్వలేదు. మంగళ చేసే రాగి సంగటి మా అమ్మ చేసినదానికంటే మెత్తగా ఉంటుంది. ఈ మాట నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. మా కోడలు ఎదురు మాట్లాడదని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. ఎదురు మాట్లాడకుండా ఒక మనిషి ఇరవై ఎనిమిదేళ్లు ఉండాలంటే లోపల ఎన్ని మాటలు మింగి ఉండాలో ఈ సంవత్సరమే ఆలోచించాను.

5. మాధవకు వాళ్ల నాన్న చేతిగడియారం, గని టైమ్ ఆఫీసులో ఆయనకు ఇచ్చిన ఇత్తడి గంట, పోస్టాఫీసులో నా పేరున ఉన్నదంతా. వాడు చెడ్డవాడు కాదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కాని చెయ్యెత్తినవాళ్లను చూసి "మనకెందుకులే" అనడం వాడికి అలవాటు. ఆ అలవాటు నా దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి వాడిని ఎక్కువ తిట్టే హక్కు నాకు లేదు. ఇల్లు మాత్రం వాడికి లేదు.

6. ఇప్పుడు అసలు సంగతి. నా బల్ల కింది సొరుగులో నీలం అట్ట ఫైలు ఒకటి, నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి ఉన్నాయి. రెండూ అక్షత స్వాధీనం చేసుకోవాలి.

ఫైలులో ముప్పై ఏడు ముచ్చలికల నకళ్లు ఉన్నాయి. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. దెబ్బలు తిన్న ఆడపిల్ల పుట్టింటికి వస్తే, మా పక్క పోలీసుల దగ్గరికి పోరు. పెద్దమనుషులు కూర్చుని మొగుణ్ణి పిలిపించి, ఇకమీదట కొట్టనని ఒక కాగితం రాయించి సంతకం పెట్టిస్తారు. ఆ కాగితమే ముచ్చలిక. తర్వాత అమ్మాయికి పసుపు కుంకుమ, రవికెగుడ్డ పెట్టి అతని వెంట పంపిస్తారు. గని మూతపడి మగవాళ్లకు పని పోయిన సంవత్సరాల్లో ఇవి ఎక్కువయ్యాయి. పంచాయితీ పెద్ద హనుమంతప్ప. గనిలో ఫోర్‌మన్‌గా చేసినవాడు. రాసేది నేను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని, నేను రాస్తే ఎవరూ కాదనరని ఆయన నమ్మకం. నా నమ్మకం కూడా అదే.

హనుమంతప్పకు ఒక పద్ధతి ఉంది. కాగితంలో తప్పు రెండు పక్కలా ఉండాలి. మొగుడిది ఒకటి రాస్తే పెళ్లానిది ఒకటి రాయాలి. "తక్కెడ ఒక పక్కకే వాలితే మొగోడు యాడ నిలస్తాడు టీచరమ్మా? వాడు మొగం చెల్లక సంతకమే పెట్టడు" అనేవాడు. పెళ్లానిది నిజంగా తప్పు ఉంటే సరే. లేకపోతే కల్పించాలి. ముప్పై ఏడింటిలో ఇరవై రెండు నేను కల్పించినవే. ఎదురు చెప్పింది, అన్నం వేళకు పెట్టలేదు, పిలిస్తే పలకలేదు. లెక్కలు చెప్పినదాన్ని, సమీకరణంలో రెండు వైపులా సమానంగా ఉంటే సరిపోయిందని అనుకునే బుద్ధి నాది.

ఈ పద్ధతిని నేను అంత తేలికగా ఎందుకు ఒప్పుకున్నానో కూడా రాయాలి. పెళ్లయిన నాలుగో ఏడు మావారు నన్ను ఒకసారి కొట్టారు. పాఠశాల వార్షికోత్సవానికి ఉండిపోయి, కబురు చెయ్యకుండా ఆలస్యంగా వచ్చానని. మర్నాడు నా డైరీలో "కబురు చెయ్యకపోవడం నాదే పొరపాటు" అని రాసుకున్నాను. చెంపదెబ్బ సంగతి రాయలేదు. ఆయన మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు. దాంతో తప్పును సగం నెత్తిన వేసుకుంటే కాపురం నిలుస్తుందని, అందుకు రుజువు నేనేనని అనుకున్నాను. ఒక్క ఉదాహరణ చూసి సూత్రం రాయకూడదని తరగతిలో ఎన్ని వందలసార్లు చెప్పానో.

నల్ల నోటుపుస్తకం వేరు. నాకు ఏదైనా ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోకపోతే నిద్ర పట్టదు. వచ్చిన ప్రతి అమ్మాయినీ లోపలి గదిలోకి తీసుకుపోయి చూసి, చూసింది చూసినట్టు ఆ పుస్తకంలో రాశాను. తేదీ, ఒంటి మీద ఎక్కడ, ఎంత పొడవు, దేనితో కొట్టారు, ఆమె ఏమన్నది. "మోచేతి కింద మూడు గుర్తులు, ట్రాక్టరు బెల్టు" అని పుస్తకంలో రాసిన చేత్తోనే, పది నిమిషాల తర్వాత వరండాలో "మాటా మాటా పెరిగి" అని ముచ్చలికలో రాశాను. నిజాన్ని సొరుగులో పెట్టి అబద్ధాన్ని వాళ్ల చేతికిచ్చాను. కాగితాలు ముప్పై ఏడైనా, ఒకమ్మాయి మూడుసార్లు వచ్చింది కాబట్టి మనుషులు ముప్పై ఐదుగురు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్లు ఎలా పోయారో ఊళ్లో చెప్పుకునేది ఒకటి, నా పుస్తకాన్ని బట్టి తెలిసేది ఒకటి.

అక్షత ఆ పుస్తకంలోని పేజీలకు నకళ్లు తీయించి, బతికి ఉన్న ముప్పై ముగ్గురికీ ఎవరిది వారికి స్వయంగా ఇవ్వాలి. మొగుడి ముందు ఇవ్వరాదు. తీసుకోనంటే బలవంతపెట్టరాదు. పోయిన ఇద్దరివి వాళ్ల కూతుళ్లకు.

7. మా ఇంటికి ఇరవై రెండేళ్లు పాలు పోసిన అక్కయమ్మకు నా రాగి బిందె, రెండు ఇత్తడి చెంబులు. అక్కయమ్మది సుగటూరు. భర్త మునిశామప్పతో ఇక్కడికి వచ్చి, ఆండర్సన్‌పేట బయట ఆవుల్ని పెట్టుకుని బతికింది. ఆమె కూతురు నేత్రావతి నా దగ్గర చదివింది. జ్యామితిలో అంత శుభ్రంగా గీతలు గీసే పిల్ల నాకు మళ్లీ దొరకలేదు. ఆమెను మాలూరులో ఇటుక బట్టీ మేస్త్రీ నాగేశ్‌కు ఇచ్చారు. ముచ్చలికల ఫైలులో ఆమె పేరు మూడుసార్లు ఉంది. 2011, 2014, 2018.

2018లో, గౌరి పండగ ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. ఎడమ చెవి నుంచి రక్తం వచ్చి మెడ మీద ఎండిపోయి ఉంది. ఆరేళ్ల కూతురు నయన కొంగు పట్టుకుని ఉంది. సాయంత్రానికి నాగేశ్ వచ్చాడు. వరండాలో కూర్చున్నాం. అతని తప్పు రాశాను, చెయ్యి చేసుకున్నానని. హనుమంతప్ప, "ఇంగ ఆ బిడ్డది గూడా ఒకటి రాయండమ్మా" అన్నాడు. నేత్రావతి నన్నే చూసి, "నేనేం చేసినానని రాస్తారు మేడమ్?" అని అడిగింది. ఎదురు చెప్పలేదా ఎప్పుడూ అన్నాను. "చెప్పినాను. అన్నంలో వెంట్రుక వచ్చిందని తట్ట ఇసిరేస్తే, అది నాది కాదప్పా, తెల్లగా ఉండాది, మీ అమ్మది అని చెప్పినాను" అంది. అందరూ నవ్వారు. హనుమంతప్ప కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటే రాసి ఉంటే ఎంత బాగుండేది.

కాని నాగేశ్ నవ్వలేదు. చెవి సంగతి ఎక్కడైనా బయటపడితే కేసవుతుందని అతని భయం. "చెవికి నేను కారణం కాదని రాయల్ల. లేకుంటే నేను సంతకమూ పెట్టను, పిలుచుకునీ పోను" అన్నాడు. హనుమంతప్ప నా వైపు వంగి, జారిపడిందని రాసేయండి, ఇంగేముండాది అన్నాడు. అప్పుడు నేను రాసిన వాక్యం ఇది: "నేను స్నానాలగదిలో జారిపడగా చెవికి దెబ్బ తగిలినది, కోపముచేత నా భర్త కొట్టినాడని అబద్ధము చెప్పితిని."

నేత్రావతి నా విద్యార్థిని. చదవకుండా సంతకం పెట్టదు. చదివి, "ఇది నేను చెప్పలేదు మేడమ్" అంది. కాగితం కోసం రాసేది కాగితం కోసమే, పెట్టు, అన్నాను. అక్కయమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసి, "టీచరమ్మ మన మంచికే రాస్తాది, పెట్టు తల్లీ" అంది. పెట్టింది. పండగ కాబట్టి నేనే పసుపు కుంకుమ, గాజులు ఇచ్చి పంపాను. రక్తం కడుక్కోవడానికి నీళ్లు కూడా ఇచ్చాను, అదీ రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజంతటిలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

ఆ చెవి ఇక వినబడలేదు.

మరుసటి సంవత్సరం ఆమె బిడ్డను తీసుకుని పూర్తిగా వచ్చేసింది. పోలీసుల దగ్గరికి వెళ్తే, నాగేశ్ ముచ్చలిక చూపించాడు. బిడ్డ తనకు కావాలని అతను కోర్టుకు వెళ్లాడు. అక్కడా అదే చూపించాడు. మొగుడి మీద అబద్ధం చెప్పానని తన సంతకంతో ఒప్పుకున్న మనిషి తక్కిన మాటల్ని ఎవరు నమ్ముతారు? 2021లో నయనను తండ్రికి ఇచ్చారు. నేను కోర్టును తప్పుపట్టను. నా చేతిరాత చూసి నమ్మారు.

ఆ తీర్పుకు ముందు అక్కయమ్మ నా దగ్గరికి వచ్చింది. పాలచెంబు కింద పెట్టి, "అమ్మయ్యా, ఒక్క మాట వచ్చి చెప్పు. ఆ మాట మా పాప చెప్పలేదు, నువ్వు రాసినావని. ఒక్క మాటే" అంది. ముప్పై ఐదు ఇళ్లవాళ్లు నా కాగితాల్ని ఇనప్పెట్టెల్లో దాచుకున్నారు. ఒకటి అబద్ధమని చెబితే అన్నీ అబద్ధమవుతాయి. నా పేరు ఏమవుతుంది? నేను అక్కయమ్మతో, చదువుకున్న పిల్లే కదా, చదివే కదా సంతకం పెట్టింది, అన్నాను. అక్షరాలా ఈ మాటలే అన్నాను. అక్కయమ్మ పాలచెంబు ఎత్తుకుని వెళ్లింది. ఆ నెలాఖరు దాకా పాలు పోసింది. ఒకటో తేదీ నుంచి రాలేదు.

ఆ మరుసటి సంవత్సరం ఒకసారి మాలూరు వెళ్లాను. నేత్రావతి అక్కడ ఫ్యాక్టరీ అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తోంది. కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది. నేను ఏదో మొదలుపెట్టబోతే కుడి చెవి నా వైపు తిప్పి, "మీ చేతిరాత శానా బాగుంటాది మేడమ్. బాగలేకుండా ఉండింటే ఎవురన్నా నన్ను నమ్మింటారు" అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. కాఫీ తాగి వచ్చేశాను. అప్పుడైనా కోర్టుకు వెళ్లవలసింది. వెళ్లలేదు.

8. ఇంత రాయడానికి నన్ను కూర్చోబెట్టినది నా మనస్సాక్షి అని రాసుకోవాలని ఉంది. అది నిజం కాదు. కూర్చోబెట్టినవాడు నాగేశ్.

ఈ ఆగస్టులో అతను పండ్లబుట్టతో మా ఇంటికి వచ్చాడు. నయన వెంట ఉంది. పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి కూడా ఇప్పుడు పుట్టింట్లో ఉంది. హనుమంతప్పకు ఒంట్లో బాగాలేదు కాబట్టి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "మీరు రాసిస్తే నిలస్తాదమ్మా. పోయినసారి మీరు రాసింది కోర్టులో గూడా నిలిచింది" అన్నాడు. నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు, పాపం. నా జీవితంలో అంతకంటే పెద్ద తిట్టు నేను తినలేదు.

పిల్లను ఎందుకు తెచ్చావని అడిగాను. "రెండు పక్కలా రాయల్ల కదమ్మా. దాని తప్పు చెప్పేదానికి ఎవురన్నా కావల్ల కదా. చెప్పు నయనా, టీచరమ్మకు చెప్పు" అన్నాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, గోడ వైపు చూస్తూ చెప్పింది: "చిన్నమ్మ నాకు అన్నం పెట్టలేదు. చిన్నమ్మ అబద్ధాలు చెప్తాది." ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. మధ్యలో ఆగి తండ్రి వైపు చూసింది, ఇంకా ఏమైనా మిగిలిందా అని. నిజంగానే పెట్టలేదా అన్నాను. "పెడతాది" అంది, చిన్నగా. తండ్రి దగ్గాడు. "పెట్టలేదు" అంది.

నేను ఇరవై రెండు అబద్ధాలు కల్పించాను. వాటన్నిటికీ నేనే కర్తను, వయసు వచ్చినదాన్ని. ఇప్పుడు వాటిని కల్పించే పని పదమూడేళ్ల పిల్లకు వచ్చింది. కొట్టడం ఒక తరం నుంచి ఇంకో తరానికి వస్తుందని అందరూ అంటారు. దాన్ని సర్దే కాగితం కూడా వస్తుంది. మగవాడికి బుద్ధి చెబుతున్నామని మేం అనుకున్నాం. నిజానికి మేం నేర్పింది ఒక్కటే: కొట్టాక ఏమి చెయ్యాలో. ముప్పై ఏడు కాగితాల్లో ఒక్కదానిలోనూ "ఆమెకు ఇష్టమైతేనే వెళ్తుంది" అని లేదు. ఆ ప్రశ్న మేం ఎవరినీ అడగలేదు.

ఆ రోజు నేను రాయలేదు. కన్ను సరిగా కనిపించడం లేదని చెప్పాను. అది కూడా అబద్ధమే. ఎదురుగా కాదని చెప్పే ధైర్యం ఆ పూటకు రాలేదు. అతను వెళ్లాక అక్షతకు ఫోను చేశాను.

9. ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. 2018 నాటి ముచ్చలికలో నేత్రావతి చెప్పినట్టున్న వాక్యం నేత్రావతి చెప్పలేదు. అది నేను కల్పించి రాసినది. ఆమె జారిపడలేదు. అదే రోజు నా నోటుపుస్తకంలో రాసుకున్నది నిజం: "ఎడమ చెవి మీద ఇటుకల అచ్చుతో కొట్టాడు. రెండు దెబ్బలు. బిడ్డ చూసింది."

ఈ ప్రకటన వీలునామాలో రాస్తే చాలదని అక్షత అంది. "నువ్వు చచ్చిపోయినాక చదివే మాటను ఎవురు ప్రశ్నలు అడుగుతారు నానమ్మా? ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పేదానికి నువ్వుండాల" అంది. నయనను తిరిగి ఇప్పించమని నేత్రావతి మళ్లీ వేసిన కేసు ఇప్పుడు నడుస్తోంది. అక్షత ఆమె వకీలుతో మాట్లాడింది. వచ్చే బుధవారం, నవంబరు పంతొమ్మిదిన, నేను సాక్ష్యం చెప్పాలి. నోటుపుస్తకం కూడా పట్టుకుపోవాలి. అక్కడ నన్ను అబద్ధాలకోరు అని పిలుస్తారు. పిలవాలి.

మాధవ దీనికి ఒప్పుకోలేదు. "ఊరంతా నిన్ను చూస్తే చెయ్యెత్తి మొక్కతాది. నువ్వే పోయి అబద్ధం రాసినానని చెప్తే నా తలకాయ యాడ పెట్టుకోవాలమ్మా?" అన్నాడు. ఎప్పుడూ ఉండేచోటే పెట్టుకొమ్మన్నాను. ఇంగ ఈ ఇంటికి రాను అని వెళ్లిపోయాడు. అప్పుడు మంగళ వంటింట్లో నుంచి వచ్చి, "నేను వస్తాను అత్తమ్మా. మోకాలు వంగదు మీకు, మారికుప్పం రైలుబండి ఎక్కేదానికి ఎవురన్నా పట్టుకోవల్ల కదా" అంది. పెళ్లయి వచ్చాక మొగుడి ఇష్టాన్ని కాదని ఆమె అన్న మొదటి మాట అది. ఆ మాట నా కోసం అన్నందుకు ఆమెకు ఏమి రాసివ్వాలో నాకు తెలియడం లేదు. బీరువా చాలదు.

10. ఇంటి పైభాగం, మెట్లతో సహా, సర్వహక్కులతో నేత్రావతికి. ఇది బుధవారం కేసు ఎటు పోయినా ఆమెదే. ఆమె వద్దంటే బతిమాలరాదు. అలాంటప్పుడు అది అక్కయమ్మ చేతిలో, ఆమె తర్వాత అక్షత చేతిలో ఉండాలి. దెబ్బలు తిని వచ్చిన ఏ ఆడపిల్లయినా అక్కడ ఉండవచ్చు. ఎన్నాళ్లు ఉంటావని అడగరాదు. ఏం చేశావని అడగరాదు. ఎప్పుడు తిరిగి వెళ్తావని అసలే అడగరాదు. ఆ గదుల్లో ముచ్చలిక అనేది ఎవరూ రాయరాదు. ఆమె చెబితే వినాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి, ఆ కాగితం ఆమెకే ఇవ్వాలి.

11. హనుమంతప్పకు నేను ఏమీ ఇవ్వడం లేదు. పంచాయితీల కోసం ఆయన ఇంటి నుంచి తెచ్చిన రెండు పేము కుర్చీలు వరండాలో ఉన్నాయి. అవి వెనక్కి పంపాలి. ఒకదానికి కాలు విరిగింది, బాగుచేయించి పంపాలి. ఆయన నన్ను బలవంతపెట్టలేదు. అడిగాడు, నేను రాశాను.

12. నేను పోయాక పాఠశాలలో సంతాపసభ పెడతారు. ఎంతోమంది ఆడపిల్లల కాపురాలు నిలబెట్టిన తల్లి అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్షత అక్కడ ఉంటే లేచి, ఈ వీలునామాలోని ఆరు, ఏడు, ఎనిమిది అంశాలను చదవాలి. చదవనివ్వకపోతే సభలో నుంచి వచ్చేయాలి.

13. చివరిది. నేత్రావతి ఇల్లు తీసుకుంటే నన్ను క్షమించిందని ఎవరూ అనరాదు. తీసుకోకపోతే గర్వమని అనరాదు. నేను పోయానని తెలిసి రాకపోతే కృతజ్ఞత లేదని అనరాదు. వచ్చి మాట్లాడకుండా నిలబడి వెళ్లిపోతే ఆ మౌనానికి అర్థం చెప్పరాదు. బుధవారం కోర్టు వసారాలో ఆమె నన్ను చూసి మొహం తిప్పుకున్నా మంగళ నొచ్చుకోరాదు. క్షమించాను అనే మాట ఆమె ఎప్పుడైనా అంటే, అది ఆమె ఇష్టం. అనకపోతే, అన్నట్టుగా ఎవరూ రాయరాదు.

ఇందులో రాసినదంతా నేను చదువుకుని, సరిచూసుకుని, కింద సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను. సాక్షులిద్దరికీ ఇందులో ఏ భాగమూ లేదు. కొట్టివేతలు ఎక్కడా లేవు.

2025 నవంబరు 13, గురువారం
రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.

(సంతకం) కె. వనజాక్షమ్మ

సాక్షులు:
1. అంబరీష్, మందుల దుకాణం, రాబర్ట్‌సన్‌పేట
2. చిన్నవెంకటప్ప, విశ్రాంత పోస్టుమన్, ఊరిగాం